గాడిద గుడ్డుకు అర్థం ఉంది, పర్థం కూడా ఉంది

అడిగిన ప్రశ్న ఇది: "మా ఆఫీసులో కోల్‌కతా నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన 'గాడిద గుడ్డు అంటే ఏంటి, మీ దగ్గర గాడిదలు గుడ్లు పెడతాయా?' అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. మన భాషలో ఇలా అర్థం పర్థం లేని మాటలు ఇన్ని ఎందుకున్నాయి? రాతలో వాడితే చులకనైపోతామా? వేరే భాషవాళ్ళకు ఎలా చెప్పాలి?"

ముందు మీ ప్రశ్నలోంచే ఒక మాట తీసుకుంటాను. "అర్థం పర్థం లేని" అన్నారు. అర్థం అంటే తెలుసు. పర్థం అంటే? ఏ నిఘంటువులో వెతికినా దొరకదు. అర్థం లేని మాటల మీద ఫిర్యాదు చేయడానికి కూడా మీకు అర్థం లేని మాటే కావాల్సి వచ్చింది. తప్పు పట్టడం లేదండీ, తెలుగువాళ్ళం అందరం ఇలాగే మాట్లాడతాం. నేను పదకొండేళ్ళు పత్రిక డెస్కులో పనిచేసి, ఆ తర్వాత ఇన్నేళ్ళూ సినిమాలకు సబ్‌టైటిళ్ళు రాస్తూ బతుకుతున్నాను. ఈ మాటలతోనే నా తిండి. కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను. మీ కోల్‌కతా మిత్రుడి సంగతి చివర్లో చూద్దాం.

గాడిద గుడ్డు గురించి ఒక కథ ఫోన్లలో తెగ తిరుగుతూ ఉంటుంది. తెల్లదొర ఎవరో "గాడ్ ఈజ్ గుడ్" అంటే మనవాళ్ళకు "గాడిద గుడ్డు" అని వినపడిందట, అక్కడి నుంచి మాట పుట్టిందట. చెప్పుకోవడానికి బాగుంది కానీ నేను నమ్మను. ఈ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో చూడండి. "ఉద్యోగం లేదు, గాడిద గుడ్డూ లేదు." అదే చోట "తోటకూర కట్టా లేదు" అంటాం, "చట్టుబండలూ లేదు" అంటాం, "వంకాయేం కాదూ" అంటాం. గాడిద గుడ్డు దొర నోట్లోంచి రాలిందంటే మరి తోటకూర కట్ట ఏ దొర నోట్లోంచి రాలినట్టు? ఆ స్థానంలో పనికిరాని వస్తువో, అసలు లోకంలోనే లేని వస్తువో పెట్టి ఎదుటి మాటను కొట్టిపారేయడం మన పద్ధతి. తోటకూర కట్ట చవక సరుకు. గాడిద గుడ్డు అసలు లేని సరుకు. అందుకే దానికి బలం ఎక్కువ.

లేని వస్తువుతో పని జరిపించుకోవడం మనకు కొత్తా కాదు, నాటు కూడా కాదు. తర్కం చదివిన పండితులు "ఉండనే ఉండదు" అని చెప్పడానికి కుందేటి కొమ్ము, ఆకాశంలో పువ్వు, గొడ్రాలి కొడుకు అనే ఉదాహరణలే ఇస్తూ వచ్చారు. భర్తృహరి శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన పద్యంలో "తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు" అని మనమంతా బడిలో వల్లెవేసినదే. కుందేటి కొమ్ముకు పట్టుపంచె ఉంది, గాడిద గుడ్డుకు లుంగీ ఉంది, అంతే తేడా. తమిళంలో బెస్కి పాదిరి 18వ శతాబ్దంలో రాసిన పరమార్థ గురువు కథలో శిష్యులు గుమ్మడికాయను గుర్రం గుడ్డు అనుకొని కొనుక్కొస్తారు. దారిలో అది కింద పడి పగులుతుంది, పొదలోంచి బెదిరిన కుందేలు పరుగెడుతుంది, "అయ్యో, గుర్రప్పిల్ల పారిపోయిందే" అని వెంటపడతారు. జంతువు మారింది, గుడ్డు మాత్రం అలాగే ఉంది.

ఆ కథలో గుర్రం గుడ్డు పెట్టడం ఒక్కటే వెర్రి. మిగతాదంతా సక్రమంగా ఉంది. గుడ్డు పగిలింది కాబట్టి పిల్ల రావాలి, పిల్ల వచ్చింది కాబట్టి పట్టుకోవాలి. మన సామెతల్లో గొప్పవన్నీ ఈ కొలత మీదే నడుస్తాయి. "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు" అన్నప్పుడు మనకు నవ్వొచ్చేది దున్నపోతు ఈనినందుకు కాదు, ఆ వార్త వినగానే పలుపుతాడు అందుకున్న పెద్దమనిషిని చూసి. ఆయన ఎంత బాధ్యత గల మనిషో చూడండి! దూడ తల్లి పాలన్నీ తాగేస్తుందని కంగారు. "తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం" అన్న దొంగ కూడా అంతే. దూడ ఉండవచ్చు, దానికి గడ్డీ కావాలి, వీడికి శ్రద్ధ కూడా ఉంది. గడ్డి మొలిచే చోటు ఒక్కటే తప్పు.

నన్నడిగితే వీటన్నిటికీ పట్టాభిషేకం చేయాల్సిన సామెత "వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు". ఈ కాలం పిల్లలకు రోకలి తెలియదు కాబట్టి చెప్తున్నాను: వడ్లు దంచడానికి నిలబడి రెండు చేతులతో ఎత్తి వేసే బారెడు కర్ర, కింది కొసకు ఇనప పొన్ను. దాన్ని తలపాగా చుట్టమంటున్నాడు రోగి. అదీ ఎప్పుడు? "నాకు నయమైపోయింది" అని చెప్పిన మరుక్షణం. పైగా తలపాగా చుట్టుకోవాలనిపించడం మర్యాదస్థుడి లక్షణమే కదా. ఊళ్ళోకి వెళ్ళాలి, నలుగురికీ కనపడాలి. మా అమ్మమ్మ ఈ సామెత ముందు భాగం ఎప్పుడూ చెప్పేది కాదు. మా మేనమామ చీటీపాటల్లో చేతులు కాల్చుకున్నాక, ఇక ఆ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న వారానికే కోళ్ళఫారం పెడతానంటూ వచ్చాడు. ఆమె చింతపండు పిసుకుతూ, తల కూడా ఎత్తకుండా, "ఒరే, ఆ రోకలి ఇటు తీసుకురండ్రా" అంది. వంటింట్లో ఉన్నవాళ్ళందరం నవ్వాం. మామయ్య కోళ్ళఫారం పెట్టలేదు.

పరమానందయ్య శిష్యుల్ని కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. గురువుగారు దబ్బనం తెమ్మంటే, దాన్ని ఒకరే మోస్తే మిగతావాళ్ళకు గురుసేవ దక్కదని, తాటిమొద్దుకు గుచ్చి అందరూ కలిసి మొద్దును మోసుకొచ్చారు. సేవాభావంలో లోపం ఉందా? లేదు. వెర్రి మాట పండాలంటే వెర్రి ఒక్క చోటే ఉండాలి, మిగతాదంతా పెళ్ళి ఏర్పాట్లంత పద్ధతిగా ఉండాలి. టీవీ కామెడీల్లో ఒక వెర్రి మీద ఇంకో వెర్రి, దాని మీద మూడోది పేర్చుకుంటూ పోతారు. చివరికి తెర మీద వాళ్ళే నవ్వుకుంటూ ఉంటారు.

మళ్ళీ మీ పర్థం దగ్గరికి వద్దాం. మాట పక్కన దాని నీడను పెట్టి మాట్లాడటం మనకు అలవాటు. మీ పర్థంలో "ప" వచ్చింది కానీ, మామూలుగా మొదటి అక్షరం తీసేసి దాని చోట "గి" పెట్టాలి, అక్షరం దీర్ఘమైతే "గీ" పెట్టాలి. పులి గిలి, పెళ్ళి గిళ్ళి, పాము గీము, కారు గీరు. ఎవరూ నేర్పకుండానే మూడేళ్ళ పిల్లలు కూడా తప్పు లేకుండా చెప్తారు. "పులీ లేదు గిలీ లేదు, పడుకో" అని మా అన్నయ్య కూతుర్ని జోకొడుతుంటే, "పులి లేదు సరే బాబాయ్, గిలి ఎలా ఉంటుంది? కరుస్తుందా?" అని లేచి కూర్చుంది. ఆ రాత్రి పులి పని తేలిగ్గానే అయిపోయింది. గిలి లేదని నమ్మించడానికి గంట పట్టింది. ఈ సూత్రం ఎక్కడ చతికిలపడుతుందో తెలుసా? "గిన్నె" దగ్గర. గిన్నె గిన్నె అనలేం కదా, చెంబు గింబు అనుకొని సరిపెట్టుకోవాలి. అలాగని జంట మాటల్లో రెండోది ప్రతిసారీ ఉత్తదే అనుకోకండి. "చదువూ సంధ్యా" లో సంధ్య అంటే సంధ్యావందనం. అర్థం ఉన్న మాటే, ఇప్పుడు నీడలా నిలబడుతోంది.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు, గుడి. తెలుగులో మోసానికి, నష్టానికి, తిట్లకు ఉన్న మాటల్ని ఒకచోట రాసి చూడండి. మోసం చేస్తే నామం పెట్టాడు. ఇంకా పెద్ద మోసమైతే పంగనామం. లేదా శఠగోపం పెట్టాడు. వైష్ణవాలయాల్లో స్వామి పాదాలున్న ఆ వెండి కిరీటం పేరే వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు పేరు, శఠకోపుడు. నెత్తిన పెడితే పుణ్యం, కానీ మాటలో పెడితే డబ్బు పోయినట్టు. చెవిలో పువ్వు పెట్టాడు, గుండు కొట్టాడు. పోయిన డబ్బు గోవిందా. ఎవడో కైంకర్యం చేశాడు. లేదా స్వాహా. పై అధికారి చేతిలో అక్షింతలు పడ్డాయి. ఇంటి దగ్గర సహస్రనామార్చన జరిగింది. మాట వినని పిల్లవాడికి బడితెపూజ. పని కోసం ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు, లోపల దక్షిణ. సాయంత్రం స్నేహితులతో తీర్థం. పార్టీ మారినవాడు కూడా పుచ్చుకునేది తీర్థమే. చివరికి అన్నిటికీ మంగళం పాడేశారు. సంకల్పం నుంచి మంగళహారతి దాకా ఒక్కటీ వదల్లేదు మనవాళ్ళు.

డెస్కులో ఉండగా ఒక రాత్రి, ఏదో చీటీల సంస్థ బోర్డు తిప్పేసిన వార్త వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు రాశాడు. శీర్షిక "ఖాతాదారులకు శఠగోపం". మొదటి పేరాలో నిధులు స్వాహా. రెండో పేరాలో కష్టార్జితం గోవిందా. మూడో దాంట్లో బాధితులు పోలీస్ స్టేషన్ చుట్టూ ప్రదక్షిణలు. ముగింపులో, శాఖకు మంగళం. మా ఇన్‌చార్జి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకొని, "ఇది క్రైమ్ వార్తా, వైకుంఠ ఏకాదశి కార్యక్రమాల వివరమా?" అన్నాడు. కుర్రాడికి అర్థం కాలేదు. అతని తప్పూ లేదు, ఎందుకంటే అందులో ఒక్క మాట కూడా అతనికి గుడి మాటలా వినపడలేదు. అంతగా అరిగిపోయాయి. శీర్షికలో ఒక్కటి ఉంచి మిగతావన్నీ కొట్టేశాం.

దీన్ని నాస్తికత్వం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడి మెట్టు ఎక్కనివాడు ఇన్ని మాటలు పుట్టించలేడు. దేవుడితో అంత చనువున్నవాళ్ళే ఈ వేళాకోళం చేయగలరు. పల్నాడులో నీళ్ళు దొరక్క దాహంతో అలమటించిన శ్రీనాథుడు శివుణ్ణి ఏమని నిలదీశాడని చెప్తారో గుర్తుందిగా. సిరిగలవాడు పదహారు వేలమందిని పెళ్ళాడినా చెల్లుతుంది, బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్ళాలెందుకయ్యా, "గంగ విడుము పార్వతి చాలున్" అన్నాడట. అడిగింది గుక్కెడు నీళ్ళు. అడిగిన తీరు మాత్రం కాపురంలో పంచాయితీ.

తిట్ల గురించి ఎక్కువ రాయను, కానీ దీవెనలా ఉండే తిట్లు, తిట్లలా ఉండే ముద్దులు మాత్రం చెప్పి తీరాలి. "నీ దుంప తెగ", "నీ అసాధ్యం కూలా", "నీ ఇల్లు బంగారం గానూ". వీటిలో మొదటిది శాపం, మూడోది ఆశీర్వచనం, వాడుక మాత్రం మూడిటికీ ఒకటే. రెండోది ఏమిటో ఎవరైనా విడమర్చి చెప్పగలరా? "నీ అసాధ్యం కూలిపోను" అట! గోడ కూలుతుంది, ప్రభుత్వం కూలుతుంది, అసాధ్యం ఎలా కూలుతుంది? అయినా అంతమంచి మెచ్చుకోలు ఇంకోటి లేదు. ఇక్కడే నేను ఒకసారి బోర్లా పడ్డాను. ఒక సినిమాలో ముసలావిడ పాడైపోయిన మోటారు బాగుచేసిన మనవణ్ణి చూసి "నీ ఇల్లు బంగారం గానూ, ఎప్పుడు నేర్చావురా ఇదంతా" అంటుంది. నేను సబ్‌టైటిల్లో ఇల్లు బంగారమవ్వాలి అని మక్కీకి మక్కీ ఇంగ్లిషులోకి దింపాను. తెలుగు రాని నిర్మాణ సహాయకుడు చూసి, "మరి ఆ బంగారం ఇల్లు తర్వాత ఏ సీన్లో వస్తుంది?" అని అడిగాడు. అది తీసేసి "రాస్కెల్" అని ఒక్క మాట పెట్టాను. ముసలావిడ మొహంలో ఉన్న ముద్దు మిగతా పని చేసుకుంది.

మెచ్చుకోవడానికి మనం వాడే చంపేశాడు, ఇరగదీశాడు, చించేశాడు, కుమ్మేశాడు, దుమ్ము దులిపేశాడు వగైరాలన్నీ పోలీసులకు చెప్తే కేసు కట్టే మాటలే. వీటి మీద ఇంతకంటే చెప్పడానికేం లేదు. ప్రతి అయిదేళ్ళకూ కొత్తవి వస్తాయి, పాతవి పోతాయి.

రాతలో వాడితే చులకనవుతామా అన్నారు. వెర్రి మాటను పండిత సభలో కూర్చోబెట్టి శాలువా కప్పిన జాతి మనది. అవధానంలో సమస్యాపూరణం అంటే అదే. పృచ్ఛకుడు వినగానే ఛీ అనిపించే పాదమో, అసంభవమైన పాదమో ఇస్తాడు, అవధాని మిగతా మూడు పాదాలూ కట్టి దానికి బుద్ధి చెప్పాలి. అది చాలదన్నట్టు అప్రస్తుత ప్రసంగం అని ఇంకొకరికి పీట వేస్తారు. ఆయన పనల్లా పద్యం మధ్యలో దూరి, "అవధాని గారూ, దోమకు షుగరు వస్తే ఏ మందు వాడాలి?" లాంటివి అడిగి ఏకాగ్రత చెడగొట్టడం. ప్రశ్న ఎంత అసందర్భమైతే అంత గొప్ప.

సమస్యల్లో తెలుగువాళ్ళు మరచిపోలేనిది "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్". ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది. తెనాలి రామకృష్ణుణ్ణి ఇరుకున పెడదామని ఎవరో ఈ పాదం ఇచ్చారని, ఆయన ముందు ఇచ్చినవాణ్ణే చెడామడా తిడుతూ ఒక పూరణ చేశాడని చెప్తారు. అది ఇక్కడ రాయను. తర్వాత రాయలవారు అడిగితే చేశాడనే పూరణ వేరు. శత్రువుల్ని చీల్చి చెండాడే పాండవులు వెలుగు మాసి విరాటుడి కొలువులో ఊడిగం చేస్తున్నారు. ఆ విధిని తలచుకొని సంజయుడితో అనే మాటగా ఈ పాదం వచ్చి కూర్చుంటుంది. భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల. ఏనుగులు దోమ గొంతులో ఇరుక్కున్నాయనడం కంటే సూటిగా దీన్ని ఎలా చెప్తాం? పాదంలో ఒక్క అక్షరం మారలేదు. మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు గొంతు పట్టేస్తుంది.

కాబట్టి రాయండి. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి వరస. బావ బావమరిదిని ఎంత మాటైనా అనొచ్చు, అదే మాట వియ్యంకుడితో అంటే పెళ్ళి ఆగిపోతుంది. ఆఫీసు మెయిల్ అంటే వియ్యంకుడే అనుకోండి. రెండోది, పాత సామెతలన్నీ బంగారం కాదు. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చువేయించిన తెలుగు సామెతల సంకలనాన్ని నేను డెస్కు రోజుల నుంచీ తిరగేస్తున్నాను. అందులో కడుపుబ్బ నవ్వించేవి ఎన్నో, కులాన్నీ ఆడవాళ్ళనీ అవిటివాళ్ళనీ పట్టుకొని గుచ్చేవీ అన్ని ఉన్నాయి. గుచ్చేవాటిలో నాకు నవ్వు కనపడదు. అక్కడ వెర్రి లేదు, పైనున్నవాడు కిందనున్నవాణ్ణి తొక్కడమే ఉంది. వాటిని నేను వాడటం మానేసి చాలా ఏళ్ళయింది, వాటి లోటు నాకు ఎన్నడూ తెలియలేదు.

ఇక మీ సహోద్యోగి. గాడిద గుడ్లు పెడుతుందా అని అడిగినాయన నిజంగా బెంగాలీ అయితే మీరు నవ్వి ఊరుకోవాల్సిన పనే లేదు. "ఘోడార్ డిమ్ అంటే ఏంటండీ?" అని తిరిగి అడగండి. బెంగాలీలో "ఏం లేదు, ఉత్తదే" అనడానికి వాళ్ళు రోజుకు పదిసార్లు వాడే మాట అది. దాని అర్థం గుర్రం గుడ్డు.